వేడి ఇనుము బరువు

భౌతికశాస్త్ర విభాగంలో ముప్పైరెండేళ్లు త్రాసుల గది చూసుకున్న ఆవిడను అందరూ మిల్లీగ్రామక్క అనేవారు. ఆ పేరు ఆవిడకు ఇష్టమే. భరించకూడనిది మరొకటి భరించింది. పరిశోధక విద్యార్థుల తూకాలు ఒకదానికొకటి పొసగనప్పుడల్లా ప్రొఫెసరుగారు పదిమందిలో, "వయసైపోతోంది కదమ్మా, త్రాసు సరిచేసేటప్పుడు చెయ్యి వణుకుతోందేమో చూసుకో" అనేవారు. మూడేళ్లు వింది. ఓవెన్‌లోంచి తీసిన నమూనాలు చల్లారాక తూయండని చెప్పి చూసింది. త్రాసులు తుడిచే మనిషి మాట ఎవరికి పడుతుంది?

ఆవిడ నెత్తిన ఇంకో పనీ ఉండేది. గురుత్వాకర్షణ అబద్ధమనీ, కాంతివేగం తప్పనీ బయటివాళ్లు రాసే సిద్ధాంతాలను ప్రొఫెసర్లు కవరు చింపకుండానే 'తిక్క బీరువా'లో పడేయమనేవారు. ఈవిడ చింపి చదివేది. ప్రతి ఒక్కరికీ ఒకే కార్డు రాసేది: "మీ మాట తప్పైతే ఏ కొలతలో బయటపడుతుంది? అంకె రాయండి." చాలామంది జవాబివ్వలేదు. కొందరు తిట్టారు. ఒకాయన శపించాడు కూడా. "ఓడిపోయే చోటు చూపించనివాడితో పందెం ఏం కాస్తాం?" అనేది భర్తతో.

ఒక వెల్డరు మాత్రం తిరుగు టపాలో అంకె పంపాడు. వేడి బరువును మింగేస్తుందని ఆయన నమ్మకం. పదకొండేళ్లుగా నోటుబుక్కులు నింపాడు. "పావుకిలో ఇనుము బాగా కాలితే ముప్పై మిల్లీగ్రాములైనా తగ్గాలి. చుట్టూ గాలి తీసేసినా తగ్గాలి. తగ్గకపోతే తప్పు నాదే."

ఆవిడ రిటైరవడానికి అప్పటికి పద్దెనిమిది రోజులుంది. ఆ తర్వాత బయటి ఉత్తరాలు తెరవనక్కర్లేదని ఆర్డరు వచ్చేసింది. ఆయన పదకొండేళ్లనూ ఆవిడ తూచకపోతే ఇంకెవరూ తూచరు. అనుమతి అడిగితే ప్రొఫెసరుగారు, "నీకేం పనిలేదా?" అన్నారు.

"ఉన్న పనంతా అయిపోయిందండీ."

ఆయన విసుగ్గా తలూపారు. ఆవిడ రమ్మన్న శుక్రవారం మధ్యాహ్నం వెల్డరు వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "అక్కా, నాలాంటోణ్ని లోపలికి రానిస్తారా?"

"త్రాసుకి మనిషెవరైతేనేం తమ్ముడూ, రా. ఊపిరి మాత్రం దానిమీద వదలకు."

ఒకే కడ్డీ నుంచి కోసిన రెండు ముక్కలు సరితూగాయి. ఒకదాన్ని కాల్చి పళ్లెంలో పెట్టారు. ఆ పళ్లెం పైకి లేచింది. వెల్డరు ముఖం వెలిగిపోయింది. ఆవిడ గాజు మూత దించి పంపు వేసింది. గాలి తగ్గేకొద్దీ ముల్లు మెల్లగా మధ్యకొచ్చి ఆగిపోయింది. ముక్క వేడి మాత్రం తగ్గలేదు.

"తేడా పోయింది తమ్ముడూ."

ఆయన వంగి ముల్లుకేసి చూశాడు. "అయితే వేడిగాలి పైకి లేస్తూ పళ్లేన్ని మోస్తోందన్నమాట. మా ఆవిడ ముందే చెప్పింది."

"ఏమని?"

"నావన్నీ గాలి కబుర్లని."

ఇద్దరూ నవ్వారు. అంతలో ఒక పరిశోధక విద్యార్థి ఓవెన్‌లోంచి నమూనా ఉన్న చిన్న పింగాణీ మూకుడు తీసి నేరుగా పక్క త్రాసు మీద పెట్టాడు. వెల్డరు లేచి నిలబడ్డాడు. "అక్కా, ఆయనా నా తప్పే చేస్తున్నాడే!"

మిల్లీగ్రామక్కకు చురుక్కుమంది. ఊరందరినీ అంకె అడిగిన మనిషి, చల్లార్చి తూయమన్న తన మాటకు ఒక్కసారీ అంకె చూపలేదు. వెంటనే ఆ మూకుణ్ని వేడిగా ఒకసారి, చల్లారాక ఒకసారి తూచింది. ఇరవైఎనిమిది మిల్లీగ్రాముల తేడా. పాత రిజిస్టర్లు తీస్తే, పొసగని తూకాలన్నీ ఓవెన్ తెరిచిన పది నిమిషాల్లోపు తీసినవే.

ప్రొఫెసరుగారు ఆవిడ ఈ అంకెలు రాసిచ్చిన కాగితం చదివి, "చల్లారాకే తూయాలి" అని గోడకు నోటీసు అంటించారు. చేతి వణుకు మాట వెనక్కి తీసుకోలేదు. వెల్డరు పేరెత్తలేదు.

ఆవిడ పోయిన నెల రిటైరైంది. ఆ ఉద్యోగాన్ని ఎత్తేశారు. ఈ నెలాఖరుకు బీరువాను తుక్కుకు వేస్తారట. వచ్చిన ప్రతి సిద్ధాంతాన్నీ నెత్తిన పెట్టుకోమని ఎవరూ అడగడం లేదు. వారానికి ఒక పూట, ఒక త్రాసు, కవరు చింపి చదివే ఒక మనిషి ఉంటే చాలు. మీ ఊరి కాలేజీలోనూ అలాంటి బీరువా ఉండే ఉంటుంది. అక్కడి విభాగాధిపతికి ఇదే అడుగుతూ ఈ వారమే ఉత్తరం రాయండి. కింద సంతకంతో పాటు మీరు చేసే పనేమిటో కూడా రాయండి. వంటపనైనా సరే, వెల్డింగైనా సరే.