మైకు పట్టిన మణెమ్మ

నెల్లికుదురు టూరింగ్ టాకీసులో ఆడవాళ్ళ గేటు దగ్గర టికెట్లు చింపేది మణెమ్మ. పుట్టిల్లు పెద్దవంగర. బడి మొహం చూడలేదు. పొద్దుగూకే ముందు మైకులో జనాన్ని ఆటకు పిలిచే పని కూడా ఆమెదే. ఆ పిలుపు వింటే పిలిచినట్టుండేది కాదు, దబాయించినట్టుండేది. మొగుడు ఆగయ్య అక్కడే ప్రొజెక్టర్ ఆపరేటరు.

1979 ఎండాకాలంలో దేవుళ్ళ సినిమా పెట్టె రావాల్సి ఉండగా ఇంగ్లీషు సినిమా పెట్టె వచ్చింది. రీలు తిరిగేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. జనం కొబ్బరికాయలతో వచ్చి కూర్చున్నారు. తెర మీద దేవుడు లేడు. పదహారేళ్ళ పోరగాళ్ళు ఇద్దరు, ఒక పిల్ల, వానలో పిడుగు పడి కూడా చావకుండా లేచారు. ఒకడు గాలిలో తేలాడు. ఇంకొకడు గోడలోంచి దూరిపోయాడు. పిల్ల ఒంటిచేత్తో లారీ లేపింది. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. నేల టికెట్టువాళ్ళు తెర మీదికి మట్టిపెళ్ళలు విసరడం మొదలుపెట్టారు.

తెర చిరిగితే తన కొలువు పోతుందని మణెమ్మ భయపడ్డది. పోయి మైకు అందుకున్నది.

“జర ఆగుండ్రి. గా ఎగిరెటోడు వాల్యా, తండా పోరడు. పిడుగు తాకి గిట్లయిండు. గోడలకెళ్ళి పోయెటోడు రాంజీ. లారీ లేపిన పిల్ల చాందీ. గామెకు ఆకలైతాంది, గందుకే కోపం.”

జనం నవ్వారు. పెళ్ళలు ఆగాయి. అప్పటిదాకా సినిమాల్లో మా తెలంగాణ మాట మాట్లాడేది జోకరో, జీతగాడో. ఆ సాయంత్రం ఆకాశంలో ఎగిరేవాడు మణెమ్మ గొంతుతో “యాడికి పోతవ్‌ర” అన్నాడు.

తర్వాత కోటు వేసుకున్న బట్టతలాయన వచ్చి పిల్లలను ఒక గదిలో పెట్టి గట్టిగా మాట్లాడాడు. మణెమ్మ ఆలోచించలేదు.

“గీన సర్పంచి. పిల్లల బలం జూసి తన బాయికాడ వెట్టికి పెడ్తాండు.”

కుర్చీలో కూర్చున్న అసలు సర్పంచి వెంకట్రాం తన బట్టతల తడుముకున్నాడు. చివర్లో బట్టతలాయన పేలిపోతే నేలంతా ఈలలు.

తెల్లారి వెంకట్రాం పిలిపించాడు. “నన్నే అన్నవా, మణెమ్మా?”

“లేదు పటేలా. మీకు కోటేడిది?”

మూడు రోజులు తండాలకు తండాలు కదిలొచ్చాయి. నాలుగో రోజు, జనగామ నుంచి చుట్టాలింటికి వచ్చిన శశికళ టీచరు సినిమా చూసింది. ఆమెకు ఇంగ్లీషు వచ్చు. ఆట అయ్యాక మణెమ్మను పక్కకు పిలిచింది.

“అక్కా, గా బట్టతలాయన మంచోడు. ఆ పిల్లలకు సారు. వాళ్ళను కాపాడబోయి తనే సచ్చిపోయిండు.”

ఆ రాత్రి మణెమ్మ కంచం పక్కకు నెట్టింది. “సచ్చినోన్ని ఊరందరితోని తిట్టిపిచ్చిన” అన్నది ఆగయ్యతో.

“గది బొమ్మనే గదా.”

“బొమ్మయితేంది, మనిషి అసుంటోడే గద.”

ఐదో రోజు మైకులో సారు కథ ఉన్నదున్నట్టు చెప్పింది. ముందే కబురు తెలిసి వెంకట్రాం ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, పెళ్ళాం ఊర్మిళను వెంటబెట్టుకొని వచ్చాడు. సారు చచ్చిపోతుంటే ఊర్మిళ కండ్లు తుడుచుకున్నది. వేరే ఎవరూ ఏడవలేదు, ఈలలూ వేయలేదు. తండా నుంచి నడిచొచ్చిన తుల్సీబాయి గేటు దగ్గర మణెమ్మ చెయ్యి పట్టుకున్నది.

“నిన్నటి సినిమా ఏమాయె? గంత దూరం నడిచొస్తిమి.”

మర్నాటి నుంచి మణెమ్మ మొదటి ఆటకు సారు కథ, రెండో ఆటకు సర్పంచి కథ చెప్పింది. వెంకట్రాం మొదటి ఆటకే వచ్చేవాడు. అప్పుడు కుర్చీలు చాలా ఖాళీ, ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చునేవాడు. రెండో ఆటకు లోపల జాగా దొరక్క బయట నిలబడ్డవాళ్ళు గుడారం గుంజలు ఊపేవాళ్ళు.

పంతొమ్మిది రోజులు ఆడింది. పెట్టె వాపసు పోయేనాటికి మణెమ్మ గొంతు పూర్తిగా పోయింది. దవాఖానలో వారం రోజులు నోరు మెదపొద్దన్నారు. ఆ వారం చేతులతోనే గేటు దగ్గర జనాన్ని గదమాయించింది. ఎనభై నాలుగులో టాకీసు ఎత్తేసేదాకా ఆ గేటు విడిచిపెట్టలేదు.