ఫోను నుదుటి బొట్టు

ఆ పెద్దాయన మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశమూ నాకు లేదు.

కడపలో ఒక సంగీత సభ ఉంది. ఉగాదికి ముందు ఒక సాయంత్రం కొత్తవాళ్లకు వేదిక ఇస్తారు. ఆ సభకు కార్యదర్శి ఆయనే, ప్రధాన గాయకుడూ ఆయనే, ఎవరు పాడాలో ఎవరు పాడకూడదో తేల్చేదీ ఆయనే. నేను రాజంపేటలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. మూలపడ్డ ఫోన్లతో సంగీతం చేస్తున్నాననీ, కాసేపు అవకాశం ఇవ్వమనీ అడగడానికి వెళ్లాను. ఆయన నా చేతిలోని అద్దం పగిలిన ఫోను చూసి, పక్కనున్నవాళ్లకు వినపడేలా నవ్వాడు.

“ఇది సంగీత సభమ్మా, సెల్లుల అంగడి కాదు. రింగుటోన్లు వినేదానికి ఈడిదాకా ఎవురొస్తారు?”

ఆ మాట అంటున్నప్పుడు ఆయన పక్కనే, చాప మీద, ఆయన ఫోను శ్రుతి పలుకుతూ ఉంది. తంబురా వేసేవాళ్లు దొరక్క ఆయన ఏనాడో ఫోనులోని తంబురాకు మారిపోయాడు. తన ఫోనుది సంగీతం, నా ఫోనుది రింగుటోను! అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మాటే అడిగేశాను.

“అది ఊరికే తోడుకు పెట్టుకున్నేది. వాయిద్యమని నేనన్నానా?” అన్నాడు.

నేను చేసేది రింగుటోను కాదు. ఫోను ఎటు వాలిందో, ఎంత జోరుగా ఊగిందో కనిపెట్టే సెన్సర్లు దాని లోపలే ఉంటాయి. పైభాగాన, చెవికి ఆనించే చోటు పక్కన, వెలుతురును కనిపెట్టేది ఇంకొకటి ఉంటుంది. క్లాసులో త్వరణం పాఠానికి వాటి కొలతలు చూపిస్తూ, ఈ కొలతలనే స్వరాలుగా మారిస్తే ఎలా ఉంటుందని మొదలుపెట్టాను. ఫోను వాలిస్తే స్వరం మారుతుంది. విదిలిస్తే గజ్జెల్లా గలగలమంటుంది. పైన అరచేతి నీడ పడితే ఆగిపోతుంది. ఆ ఆగడం తాళానికి సరిపోయేలా కుదిర్చేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చింది. దాన్ని పట్టుకుని రింగుటోను అంటాడా?

మా వీధి ఆడవాళ్ల చెక్కభజన బృందాన్ని నడిపేది మా పక్కింటావిడ. వీధి మొత్తానికి పెద్దమ్మే. ఒకరోజు మా ఇంటికొచ్చి, నా చేతిలో ఫోను లాక్కుంది.

“ఇదేంది పాపా, ఊపితే పాడతాండాది?”

చెక్కలు పట్టినట్టే దాన్ని పట్టుకుని అడుగులు వేసింది. అప్పటిదాకా నేను కుర్చీలో కూర్చుని, లెక్క చేస్తున్నట్టు వాయించేదాన్ని. ఆవిడ మొదలుపెట్టాక అది ఆటా పాటా రెండూ అయింది. బృందంలోంచి ఇంకొకామెను తోడు తెచ్చుకుంది. ముగ్గురం కలిసి ఒక పాట తయారుచేశాం.

ఈసారి సభకు పెద్దమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆవిడ పట్టు వదలకపోయేసరికి ఆయన విసుక్కుంటూనే ఒప్పుకున్నాడు. “ఒక్క పాట. కుదరలేదంటే మళ్లా ఈ ఫోన్ల మాట ఈ సభలో ఎత్తగూడదు. ఎప్పుడూ” అన్నాడు. సరేనన్నాను.

ఆ సాయంత్రం నేను వేదిక పక్కన స్పీకర్లకు వైర్లు కలుపుకుంటూ ఉన్నాను. పెద్దమ్మ తన కుంకుమ భరిణె తీసింది. ఒంటిమిట్ట తిరునాళ్లకు భజనకు పోయినా, మా వీధిలో పాడినా, బొట్టు పెట్టని వాయిద్యాన్ని ఆవిడ ముట్టదు. మద్దెలకూ తాళాలకూ పెట్టడం ఎన్నోసార్లు చూశాను. ఫోన్లకు కూడా పెడుతుందని మాత్రం నాకు తట్టలేదు. పసుపు తడిపి, దాని మీద కుంకుమ అద్ది, ఫోనుకు నుదురు ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడే పెట్టింది, మూడింటికీ.

వేదికెక్కాం. చేతులు ఎత్తాం, ఊపాం. ఒక్క ఫోనూ పలకలేదు.

వైరు చూశాను, స్పీకరు చూశాను. అప్పుడు కనబడింది, వెలుతురు కనిపెట్టే చోట ఎర్రగా బొట్టు. పాపం, ఫోను దాన్ని అరచేతి నీడే అనుకుంటోంది. తుడవబోతే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“వాయిద్యం మీద బొట్టు తుడుస్తారా ఎవురన్నా? ఉండు, ముందు ఇంగోచోట పెట్టనీ.”

ఫోన్లు తిరగేసి, వెనకవైపు ఒక్కొక్కదానికీ కొత్త బొట్టు పెట్టింది. ఆ తర్వాతే ముందువైపుది తుడవనిచ్చింది. అంతలో ఆయన మైకు అందుకున్నాడు.

“ఛార్జింగు అయిపోయినట్టుండాది. మనం ముందుకు పోదాం.”

జనం గొల్లున నవ్వారు. ఫోన్లు సిద్ధంగా ఉన్నాయని చెబుతూనే ఉన్నాను. వినిపించుకోలేదు, కనీసం మా వైపు తిరగలేదు. మమ్మల్ని దింపేసి, తన కచేరీకి చాప పరిపించుకున్నాడు. ఏడుపు రాలేదు నాకు. ఆయన మైకు లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది. పెద్దమ్మ మీద మాత్రం రవ్వంత కూడా కోపం రాలేదు. ఆ సభ మొత్తంలో నా ఫోనును వాయిద్యమని నమ్మింది ఆవిడొక్కతే.

ఆయన కూర్చున్నాడు. ఫోను పక్కన పెట్టుకుని శ్రుతి పలికించాడు. ఇంకా నోరు తెరవలేదు, పెద్దమ్మ భరిణెతో వేదికెక్కేసింది.

“ఏమప్పా, నీ వాయిద్యానికి బొట్టు లేకుండా ఎట్ల పాడతావు?”

ఆయన వద్దనే లోపలే ఆ ఫోను నుదుట కుంకుమ పెట్టింది. శ్రుతి ఆగలేదు. దానికి వెలుతురుతో పని లేదు. నిండు సభలో కుంకుమ వద్దనడానికి ఆయనకు నోరు రాలేదు. ఎన్నో ఏళ్ల అలవాటేమో, వేళ్లు వాటంతట అవే ఆ ఫోనును తాకి కళ్లకు అద్దుకున్నాయి. అద్దుకున్నాక నా వైపు చూశాడు. నేను చూశానని ఆయనకు తెలిసింది.

“మా ఫోన్లు పాడేది మిగిలే ఉండాది సామీ” అంది పెద్దమ్మ, దిగకుండా.

“నాది అయినాక” అన్నాడాయన, తల దించుకుని.

ఆయనది అయ్యేసరికి సగం మంది వెళ్లిపోయారు. కుర్చీలు మడిచేవాళ్లు ఒకవైపు మడుస్తుండగానే వాయించాం. బాగా వాయించాం. ఆఖరుకు కుర్చీలవాళ్లు కూడా పని ఆపి నిలబడ్డారు. ఆయన మాత్రం వినలేదు. మా మొదటి స్వరానికే లేచి, ఫోను జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

బొట్టు మాత్రం తుడవలేదు.