సామ్రాజ్యం దిద్దిన ముహూర్తం

తిరువూరు బస్టాండు వెనక డీటీపీ షాపులో సామ్రాజ్యం ఇరవై రెండేళ్లుగా శుభలేఖలు కొడుతోంది. ఆదివారం చర్చి తప్పదు, సోమవారం నుంచి పంచాంగం తప్పదు. ఆమె పెళ్లికి మాత్రం ముహూర్తమూ లేదు, పాడూ లేదు. ఫాదర్‌గారికి వీలైన శనివారం అయిపోయింది.

మనకి అర్ధరాత్రి దాటితే తారీఖు మారుతుంది. పంచాంగానికి సూర్యుడు పొడిస్తే గాని వారం మారదు. గురువారం రాత్రి మూడింటి ముహూర్తం క్యాలెండరులో శుక్రవారం కిందికొస్తుంది. అందుకే 'గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం' అని కార్డులో వేస్తారు. అది సరిగ్గా లేక, పెళ్లయ్యాక అక్షింతలు వెయ్యడానికి వచ్చినవాళ్లు ఎంతమందో! తన చేతిమీదుగా వెళ్లిన కార్డుకు ఆ గతి పట్టలేదని ఆమె కాస్త గొప్పగానే చెప్పుకునేది.

మొన్న విస్సన్నపేట వెంకటప్పయ్యగారి మనవరాలు పూజితకి పెళ్లి కుదిరింది. పెళ్లికూతురి అన్న వంశీకృష్ణ ఫోనులో వివరాలు పంపాడు: 'శుక్రవారం 3.12 ఏఎం, రోహిణి.' సామ్రాజ్యం నవ్వుకుంది. పంతులుగారు పంచాంగం లెక్కన చెప్పిన శుక్రవారానికి ఈ కుర్రాడు ఏఎం తగిలించాడనుకుంది. ఒక్క మాట అడిగితే పోయేది, అడగలేదు. 'శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం' అని తనే దిద్దేసింది. ప్రూఫు పంపితే అతనూ చదవకుండానే ఓకే అన్నాడు.

కార్డులు తీసుకెళ్లిన మూడో రోజు, ఇంకెవరి కార్డు కోసమో పంచాంగం తిప్పుతుంటే ఆ శుక్రవారం కంటబడింది. రోహిణి ఉదయం తొమ్మిదింటికే అయిపోతోంది. ఆ రాత్రి ఉండేది మృగశిర. కుర్రాడు రాసిందే నిజం. ముహూర్తం గురువారం రాత్రిదే!

పెళ్లి ఇంకా ఎనిమిది రోజులే. షాపుకి తాళం వేసి విస్సన్నపేట షేర్ ఆటో ఎక్కింది. 'మా తిథులు నీకేం తెలుసు' అని ఒక్కమాట అంటే ఇన్నేళ్ల పేరూ గంగలో కలిసినట్టేనని దారంతా భయపడింది.

అనుకున్నంత పనీ అయింది.

"మా ముహూర్తాల సంగతి మీకెందుకు ఆంటీ? రాసింది రాసినట్టు వెయ్యొచ్చుగా!" అని వంశీకృష్ణ ఎగిరాడు. "యాభై ఇళ్లకి పంచేశాం!"

"తప్పు నాదే బాబూ. కొత్తవి కొట్టిస్తాను. ఆ యాభై ఇళ్లకీ నేనే వెళ్లి చెప్తాను."

వెంకటప్పయ్య కళ్లజోడు పెట్టుకుని కార్డు చదివాడు.

"ఒరేయ్, పసుపు రాసింది మీ నానమ్మ, పేర్లు రాసింది నేను, పంచింది నువ్వు. మనలో ఒక్కళ్లన్నా చదివామంట్రా? పట్టుకుంది ఈవిడే. నోరు మూసుకుని ఫోన్లు చెయ్యి."

కొత్త కార్డులతో రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగింది. గుమ్మం గుమ్మానా "తప్పు నాదేనండి" అని చెప్పింది. చివరికి మిగిలినవి అప్పజెప్పబోతే వెంకటప్పయ్య ఒక కార్డు తీసి, పసుపు రాసి, పేరు రాసి ఆమె చేతికిచ్చాడు.

"గురువారం రాత్రే రా అమ్మాయ్. నీ శుక్రవారానికొస్తే పందిరి కూడా ఉండదు."

సామ్రాజ్యానికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వేలకొద్దీ శుభలేఖలు కొట్టింది. తను కొట్టిన కార్డు మీద తన పేరు చూసుకోవడం ఇదే మొదలు.