అంచు కోసిన దరఖాస్తు

మెట్ల కింద కొట్టులో కూర్చొని తాత నలభై ఏళ్ళుగా పుస్తకాలకు అట్టలు కడుతున్నాడు. కొట్టు అనడం మర్యాద కోసమే. మేడ మీదికి వెళ్ళే మెట్ల కింద ఏటవాలుగా మిగిలిపోయిన చోటు అది. లోపల నిటారుగా నిలబడితే తల పగులుతుంది. అందుకని తాత పొద్దున వంగి లోపలికి దూరతాడు, మధ్యాహ్నం వంగి బయటికి వస్తాడు. ఏళ్ళ తరబడి వంగీ వంగీ ఆ వంపు నడుములోనే స్థిరపడింది. ఇప్పుడు పెద్ద రోడ్డు మీద నడిచినా మెట్లను నెత్తిన మోసుకుపోతున్నట్టే ఉంటాడు.

ఆ రోడ్డుకు అవతలే యూనివర్సిటీ. అక్కడ పరిశోధన ముగించినవాళ్ళు కాగితాల కట్టలు పట్టుకొని తాత దగ్గరికే వస్తారు. నల్ల కాలికో గుడ్డ, గట్టి అట్ట, పుస్తకం వీపు మీద బంగారు రంగు అక్షరాలు. "ఆ గేటు లోపల డాక్టరని చెప్పుకునే ప్రతివాడికీ కుట్లు వేసింది నేనే" అంటాడు తాత, కనబడిన ప్రతివాళ్ళతోనూ. అమ్మమ్మ ఈ జోకును పెళ్ళయిన ఏడాది నుంచీ వింటోంది. పెళ్ళయిన ఏడాదిలోనే నవ్వడం మానేసింది.

ఇంతమందికి కుట్లు వేసిన మనిషి ఆ గేటు లోపల ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. పెట్టాల్సిన పని పడలేదు. ఈ ఏడు మనవరాలి వల్ల పడింది.

మనవరాలిని వీధిలో అందరూ లాయరమ్మ అంటారు. వాదించకుండా మంచినీళ్ళు కూడా తాగదని పేరు. తల్లి బట్టల ఫ్యాక్టరీలో ఓవర్‌టైము మీద ఓవర్‌టైము చేస్తుంటే, పిల్ల తాత కొట్టులోనే కాగితపు ముక్కల మీద లెక్కలు చేస్తూ పెరిగింది. ఇంటర్లో లెక్కలకు నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. మిగతా రెండూ ఎక్కడ పోయాయని కాలేజీకి వెళ్ళి వాదించి వచ్చింది. మందుల షాపులో పగటి డ్యూటీ చేస్తూనే యూనివర్సిటీ సాయంత్రం క్లాసుల్లో లెక్కలు చదవాలని మొదట మూడు చోట్లకు దరఖాస్తు పెడదామనుకుంది. ఒక్కోచోటికి పద్దెనిమిది వందలు. సీటుకు కాదు, పుస్తకాలకు కాదు, "నన్ను చేర్చుకుంటారా" అని అడగడానికి.

"మూడుసార్లు అడగడానికి ఐదువేల నాలుగు వందలా?" అన్నాడు తాత. "అదేం ప్రశ్నే! మీ అమ్మమ్మ రోజుకు నూరు ప్రశ్నలు అడుగుతుంది, ఒక్క పైసా కట్టదు."

"నీ సమాధానాలకు ఆ విలువ లేదులే" అంది అమ్మమ్మ.

లాయరమ్మ రెండు పేర్లు కొట్టేసింది. రోడ్డుకు అవతలిది ఒక్కటే మిగిలింది. ఆదాయం తక్కువున్న ఇళ్ళవాళ్ళకు అక్కడ దరఖాస్తు ఫీజు మాఫీ. ఆదాయ పత్రం జత చేస్తే చాలు.

చాలు అని రాసినవాడు ఆ పత్రం కోసం ఎప్పుడూ తిరిగి ఉండడు. ఫారానికి ఇంత, ఫోటోలకు ఇంత, నోటరీకి ఇంత, బస్సుకు ఇంత. సంతకం పెట్టాల్సిన పెద్దమనిషి మూడు రోజులూ సీట్లో లేడు, ఆ మూడు రోజులూ మెట్ల కింద కొట్టుకు తాళం. మొత్తం మీద పద్దెనిమిది వందలు కట్టుకోలేమని రుజువు చేసుకోవడానికి తొమ్మిది వందల నలభై అయింది. లాయరమ్మ ఆ లెక్క వేసి చూపిస్తే, తాత కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టేశాడు.

ఇంకో విచిత్రం ఉంది. ఫీజు కట్టగలిగినవాళ్ళు ఇంట్లో కూర్చొని ఫోన్లో నొక్కితే దరఖాస్తు వెళ్ళిపోతుంది. కట్టలేనివాళ్ళు మాత్రం పని మానుకొని, అసలు కాగితాలు పట్టుకొని, స్వయంగా కౌంటరుకు రావాలి. గడువు శుక్రవారం సాయంత్రం ఐదు.

మంగళవారం డ్యూటీకి పోతూ లాయరమ్మ కాగితాలన్నీ తాత ఒళ్ళో పెట్టింది. "తాతా, పక్క షాపులో ఒక సెట్టు జెరాక్సు తీయించు. అసలువి, నకళ్ళు విడివిడిగా ఒక ఫైలులో పెట్టి ఉంచు. అంతే. ఇంకేమీ చెయ్యకు."

తాత జెరాక్సు తీయించాడు. తరువాత పక్క షాపులో ముప్ఫైకి దొరికే ప్లాస్టిక్ ఫైలును చేతిలోకి తీసుకొని వాసన చూశాడు. నలభై ఏళ్ళు ఊరందరి చదువులకూ అట్టలు కట్టినవాడి మనవరాలు యూనివర్సిటీకి ప్లాస్టిక్ సంచిలో కాగితాలు పట్టుకుపోవడమా? ఫైలు అక్కడే పెట్టేసి కొట్టుకు వచ్చాడు.

ఆ మధ్యాహ్నం తాత పనితనాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. నకళ్ళలో ముద్రలన్నీ నల్లటి మరకల్లా పడ్డాయని వాటిని పక్కన పడేసి, అసలు కాగితాలనే వరస పెట్టాడు. దబ్బనంతో మూడు బెజ్జాలు వేసి, మైనం రాసిన దారంతో పక్క కుట్టు కుట్టాడు. వీపుకు జిగురు పూశాడు. ఆదాయ పత్రం ఒక్కటే మిగతావాటికంటే రెండు వేళ్ళు పొడుగు, కింద నాలుక చాచినట్టు వేలాడుతోంది. ఏ అట్టలు కట్టేవాడూ అలాంటిదాన్ని చూసి ఊరుకోడు. కట్టను కటింగ్ మిషన్లో బిగించి, చక్రం తిప్పి, మూడు వైపులా ఒక్కో కోతతో సమం చేశాడు. నల్ల కాలికో అట్ట వేసి, పైన పిల్ల పేరు బంగారు అక్షరాలతో అచ్చు కొట్టాడు. బరువు కింద పెట్టి ఒక రాత్రీ ఒక పగలూ ఆరనిచ్చాడు.

బుధవారం సాయంత్రం లాయరమ్మ దాన్ని చూసి నోరు తెరిచింది. అంత సేపు మాట రాకుండా ఉండటం ఆ పిల్ల చరిత్రలో అదే మొదలు.

"ఏంటిది?"

"దరఖాస్తు" అన్నాడు తాత, మీసం సవరించుకుంటూ.

"నేనేం చెప్పాను? నువ్వేం చేశావు? విడివిడిగా అన్నానా లేదా?"

"విడివిడిగా ఉంటే గాలికి పోతాయే. ఇది వందేళ్ళు ఉంటుంది."

"వందేళ్ళు ఎవడికి కావాలి తాతా! శుక్రవారం దాకా ఉంటే చాలు!"

"ఏమయ్యా, ఆ పిల్ల ఇంకేమీ చెయ్యకు అని చెప్పి మరీ పోయింది కదా" అంది అమ్మమ్మ. "నీ చేతులకు దురదేమైనా ఉంటే నా తలగడలు చిరిగి ఉన్నాయి, కుట్టరాదూ?"

తాతకు కోపం వచ్చింది. కడగని చేతులతోనే కంచం ముందు కూర్చొని, ఎవరి వంకా చూడకుండా తిన్నాడు.

గురువారం లాయరమ్మ సగం రోజు జీతం వదులుకుంది. ఇద్దరూ గేటు దాటి లోపలికి వెళ్ళారు. కౌంటరు వెనక కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ ఉంది. నల్ల అట్టను తిప్పి తిప్పి చూసి, "ఇది థీసిస్ సెక్షన్‌కు ఇవ్వాలి, ఇక్కడ కాదు" అంది.

"థీసిస్ కాదు మేడమ్, నా అప్లికేషన్" అంది లాయరమ్మ పంటి బిగువున.

ఆవిడ మొదటి పేజీ తెరిచి ఆశ్చర్యపోయింది. "చాలా బాగా కట్టారు. కానీ ఒక్కో కాగితం స్కానర్లో పోవాలి పెద్దాయనా. విప్పి ఇవ్వండి."

తాత బయటి బెంచీ మీద కూర్చొని, జేబులో కత్తి తీసి, తన కుట్టును తానే కోసుకున్నాడు. జిగురు పట్టిన చోట కాగితం చిరగకుండా గోటితో మెల్లగా ఊడదీశాడు. అరగంట పట్టింది. అంతసేపూ లాయరమ్మ గోడ గడియారం వంకే చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేదనిపించింది తాతకు.

కళ్ళజోడావిడ కాగితాలు ఒక్కొక్కటీ స్కానర్లో పెట్టి, ఆదాయ పత్రం దగ్గర ఆగింది. "దీని నంబరు ఏది?"

"ఏ నంబరు?"

"కింద అంచున చిన్నగా అచ్చు వేసి ఉంటుంది. దాంతోనే మేము సరిచూసేది. ఇక్కడ కోసేసి ఉంది."

జెరాక్సులో చూద్దామంటే, పక్క షాపు మిషన్ మామూలు కాగితం సైజుది. ఆ రెండు వేళ్ళ అంచు అందులోనూ పడలేదు. లాయరమ్మ తాత వంక తిరిగింది. తాత తన చేతుల వంక చూసుకున్నాడు, అవి వేరే ఎవరివో అయినట్టు.

కొట్టులో కోత ముక్కల గోనె సంచి ఉంటుంది. నెలకోసారి పాత కాగితాలవాడు పట్టుకుపోతాడు. అదృష్టం కొద్దీ ఈ నెల వాడింకా రాలేదు. దురదృష్టం కొద్దీ సంచి నిండుగా ఉంది. అమ్మమ్మను కూడా పిలిపించి, ముగ్గురూ మెట్ల ముందు సంచి బోర్లించారు. వేలకొద్దీ తెల్లటి పేలికలు, వేలెడు వెడల్పువి, మూరెడు పొడుగువి. మేడ మీది వాళ్ళు దిగుతూ ఎక్కుతూ, "ఏం పోయింది పెద్దాయనా, ఉంగరమా?" అని అడిగారు.

"మా ఆయన తెలివి" అంది అమ్మమ్మ. "చిన్నదే, దొరకడం కష్టం."

ఎండ మెట్ల మీది నుంచి గోడ మీదికి పోయాక దొరికింది. సన్నటి పేలిక, దాని మీద చీమల బారులా తొమ్మిది అంకెలు. తాత దాన్ని పత్రానికి ఆనించి, వెనక పల్చటి కాగితం పట్టీ వేసి అతికించాడు. అతుకు ఎక్కడుందో దీపం ముందు పట్టుకు చూసినా కనిపించనంత పని. "ఇప్పుడు పట్టుకోమను చూద్దాం" అన్నాడు.

శుక్రవారం పొద్దున కళ్ళజోడావిడ పట్టుకోలేదు. అతుకు సంగతి లాయరమ్మే చెప్పేసింది. ప్రతి మాటకూ వాదించే పిల్ల, అబద్ధమాడటానికి మాత్రం నోరు రాలేదు.

ఆవిడ పత్రాన్ని చాలాసేపు పట్టుకు చూసి, కిందపెట్టింది. "అతికించిన పత్రం చెల్లదమ్మా. రూలు నాది కాదు. నాదైతే తీసుకునేదాన్ని. కొత్తది తెచ్చుకోండి."

"కొత్తదానికి పదిహేను రోజులు పడుతుంది మేడమ్. గడువు ఇవాళే కదా?"

"ఫీజు కడితే ఈ పత్రంతో పని లేదు."

"ఫీజు కట్టగలిగితే ఈ పత్రంతో మాకు మాత్రం పనేంటి మేడమ్?"

ఆవిడ కాగితాలు వెనక్కి జరిపింది. వెనక క్యూలో ఎవరో దగ్గారు.

ఇద్దరూ బయటికి వచ్చారు. లాయరమ్మ గేటు దగ్గర ఆగి, "పోనీలే తాతా, వచ్చే ఏడు పెడదాం" అంది. వాదన లేకుండా, గొంతు ఎత్తకుండా అంది. ఆ పిల్ల నోట 'పోనీలే' అన్న మాట వినడం అదే మొదటిసారి.

"నువ్విక్కడే ఉండు" అని రోడ్డు దాటాడు.

కొట్టు ముందు స్టూలు మీద ఒక బట్టతలాయన కూర్చొని ఉన్నాడు. పదకొండేళ్ళుగా ఒకే పరిశోధన చేస్తూ, అది తెమిలేలోగా జుట్టు పోగొట్టుకున్న మనిషి. ఐదు ప్రతులు కట్టించుకోవాలని వచ్చాడు. తాత ఎవరి దగ్గరా ముందుగా డబ్బు తీసుకోడు. పని చేతిలో పెట్టి, అవతలివాడు తిప్పి చూసుకొని బాగుందన్నాకే తీసుకుంటాడు. అందుకే ఎవరైనా తొందర పెడితే, "అయినప్పుడు అవుతుంది, కావాలంటే పట్టుకుపో" అనగలిగేవాడు. ఆ మాట అనడం తాతకు మహా ఇష్టం.

"బాబూ" అన్నాడు తాత, స్టూలు ముందు నిలబడి. "ఐదింటి డబ్బూ ఇప్పుడే ఇస్తావా?"

"ఇదేంటి తాతా, కొత్తగా?"

"మా పిల్ల మీ యూనివర్సిటీని ఒక మాట అడగాలట. దానికి డబ్బు కట్టాలి."

బట్టతలాయన జేబులోంచి రెండు వేలు తీసి లెక్కపెట్టి ఇచ్చాడు. "నేను పదకొండేళ్ళుగా కడుతూనే ఉన్నా తాతా. ఇంకా జవాబు రాలేదు. కానీ రేపు సాయంత్రానికి నాకు ఐదూ కావాలి, సోమవారం అప్పగించాలి."

కౌంటరు దగ్గర కట్టినందుకు అదనంగా అరవై తీసుకున్నారు. కళ్ళజోడావిడ రసీదు చించి ఇచ్చింది. తాత దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకు చదివాడు. కట్టిన రుసుము ఎట్టి పరిస్థితిలోనూ తిరిగి ఇవ్వబడదు.

"సీటు వచ్చినట్టేనా అమ్మా?"

"అది జూన్‌లో తెలుస్తుంది పెద్దాయనా. ఇది దరఖాస్తు చేసినందుకు."

"అంటే అడిగినందుకు."

"అంతే అనుకోండి."

"నా కొట్టుకొచ్చి రేటు అడిగినవాళ్ళ దగ్గర నేను డబ్బు తీసుకుంటే నన్ను తంతారమ్మా" అన్నాడు తాత. ఆవిడ నవ్వింది. తాత నవ్వలేదు.

శనివారం పొద్దున తొమ్మిదింటికే బట్టతలాయన వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కాసేపు పేపరు చదివాడు. కాసేపు తాత చేతుల వంక చూశాడు. పదింటికి, "సాయంత్రానికి అయిపోతాయిగా తాతా?" అన్నాడు. పదకొండింటికి మళ్ళీ అడిగాడు.

తాత నోటి దాకా వచ్చిన మాటను మింగేశాడు. "అవుతాయి బాబూ" అన్నాడు.

డ్యూటీకి పోతూ ఆగిన లాయరమ్మకు ఆ గొంతు వినపడింది. చెప్పులు విడిచి, వంగి, మెట్ల కిందికి దూరి తాత పక్కన కూర్చుంది.

"నీకు డ్యూటీ లేదూ?"

"మధ్యాహ్నం పోతా. ఏం చెయ్యాలో చెప్పు."

"నీకు రాదే ఈ పని."

"నేర్పు."

తాత ఆమె వంక చూడకుండానే ఒక కట్ట ఇటు జరిపాడు. "అంచులు తట్టి సమంగా పెట్టు. కొయ్యడం మాత్రం నేను చెప్పేదాకా వద్దు" అని, దారానికి మైనం రాయడం మొదలుపెట్టాడు.