మేకుకో ఊరు

సైకిల్ని ఎవడు కనిపెట్టాడో నాకు తెలియదు గానీ, కనిపెట్టే ముందు రేపల్లె వచ్చి మా తాతయ్య ప్రకాశరావుని ఒక్క మాట అడిగి ఉంటే ప్రపంచం ఇంకోలా ఉండేది. ఎదురుగాలిని వాసన చూసి, దానికెన్ని పళ్ళ చక్రం కావాలో చెప్పగల మనిషి భూమ్మీద ఆయనొక్కడే. ఈ మాట నేననడం లేదు. రోజూ పొద్దున్నే ఆయనే అంటాడు.

తాతయ్యకో మడత సైకిలుంది. బ్యాటరీ, మోటారు కూడా ఉన్నాయి. మీట నొక్కితే సాయం పడుతుంది. వేరే ఎవరైనా అయితే మీట నొక్కుకుని పోతారు. రైసుమిల్లులో ముప్పై ఏళ్ళు మరలు బాగుచేసిన చేతులు ఊరుకోవుగా! వెనక చక్రానికుండే పళ్ళ ఫ్రీవీల్‌ని ఊరికొకటి చొప్పున మారుస్తాడు. వసారా గోడకి వరసగా మేకులు, మేకుకో ఫ్రీవీల్, దాని కింద సుద్దముక్కతో రాత. ‘తెనాలి: పద్నాలుగు పళ్ళు.’ ‘బాపట్ల, ఎదురుగాలి: ఇరవై.’ ‘కర్లపాలెం, భోజనం చేశాక: ఇరవై నాలుగు.’

పళ్ళు ఎక్కువైతే తొక్కడం తేలిక, పోవడం నిదానం. తక్కువైతే తొక్కడం కష్టం, పోవడం జోరు. పదో తరగతి లెక్కల్లో మూడుసార్లు తప్పిన నాకే అర్థమైందంటే, ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో మీరే ఊహించుకోండి.

బాపట్లలో పెళ్ళికి మేమంతా బస్సెక్కితే ఆయన సైకిలెక్కాడు. దారిలో గాలి మారిందట. రోడ్డు పక్కన చతికిలబడి చక్రం ఊడదీశాడు. ఆయన వచ్చేసరికి వంటవాళ్ళు తింటున్నారు.

"బ్యాటరీ ఉందిగా బాబాయ్, మీట నొక్కితే పోద్దిగా?" అన్నాడు మా పక్కింటి నరసింహం.

"అది సగం దారిలో చచ్చిపోతే నువ్వొచ్చి తోస్తావేంట్రా?"

చేపలమ్మే గంగరత్నం ఒకరోజు మా అరుగు మీద బుట్ట దించి కూలబడింది.

"మోకాలు పోయింది బాబాయిగారూ. భట్టిప్రోలు దాకా నడవలేకపోతున్నా. వాసనొస్తదని బస్సువాళ్ళూ ఎక్కించుకోరు, ఆటోవాళ్ళూ ఎక్కించుకోరు. వచ్చే నెల నించి బేరం మానేస్తానండి. పిల్లల్ని ఎట్టా సాకాలో ఏంటో!"

మనిషన్నవాడు అయ్యో అంటాడు. తాతయ్య "బుట్ట ఎన్ని కేజీలు?" అన్నాడు.

"పాతిక ఉంటదండి."

"ఏ మోకాలు?"

"కుడిదండి."

"ఎంత వంగుద్ది?"

నేను సిగ్గుతో లోపలికి పోయాను.

మర్నాటి నుంచి తాతయ్యకి పూర్తిగా తిక్క ముదిరింది. సైకిలు వెనక ఇసక మూట కట్టాడు. కుడి మోకాలికి తువ్వాలు బిగించాడు. బ్యాటరీ ఆపేసి కాలవ వంతెన ఎక్కడం, దిగడం, ఫ్రీవీల్ మార్చడం, మళ్ళీ ఎక్కడం. నెల రోజులు ఊరికి అదే వినోదం. ఒకసారి బాతుల మంద ఆయన్ని దాటి వెళ్ళిపోయింది.

"బాబాయ్, బాతులకెన్ని పళ్ళు పెట్టావ్?" అని అరిచాడు నరసింహం.

తాతయ్య అప్పటికే రోడ్డు పక్కన చక్రం ఊడదీశాడు. ముప్పై నాలుగు పళ్ళదాన్ని బిగిస్తున్నాడు.

నెలాఖరున ఓ పొద్దున చూస్తే సైకిల్లేదు. గోడ మీద ఒక కొత్త మేకు మాత్రం ఖాళీగా ఉంది. దాని కింద ఊరి పేరు లేదు. ‘గంగరత్నం: ముప్పై నాలుగు’ అని ఉంది.

మధ్యాహ్నం గంగరత్నం తాతయ్య సైకిలు తొక్కుకుంటూ వచ్చి వీధి చివర నుంచే నన్ను కేకేసింది. "పింకమ్మా! బుట్టంతా అమ్మేశా! వంతెన కాడ బ్యాటరీ ఆగిపోయినా ఎక్కేశా! వచ్చేటప్పుడు బుట్ట ఖాళీయేగా, సైకిలు మడిచి రైల్లో పెట్టేశా!"

"మోకాలు?" అన్నాడు తాతయ్య.

"బానే ఉందండి."

"బ్యాటరీకి ఛార్జింగ్ నిండా ఎక్కించకుండా పోయావన్నమాట" అని విసుక్కుంటూ లోపలికెళ్ళాడు.

ఇప్పుడు తాతయ్య తెనాలికి బస్సులో పోతున్నాడు. డ్రైవరు వెనక నిలబడి, గేరు ఎప్పుడు మార్చాలో చెబుతాడట.

"ఇందుకా తాతయ్యా ఆ తువ్వాలు! నాకైనా చెప్పొచ్చుగా?" అన్నాను.

"చెబితే ఊళ్ళో దండోరా వేస్తావు."

"పోనీ నాకూ ఒకటి చెయ్యి, కుట్టు క్లాసుకి పోవడానికి."

తాతయ్య కళ్ళజోడు సర్దుకుని నా మోకాళ్ళ వంక చూశాడు.

"రెండూ బానే వంగుతున్నాయిగా. నడిచి చావు."