తోక ఉన్న పుట్టకొక్కు

ఈ సాయంత్రం వాన వెలిశాక, నల్లగండ్లలో మా అపార్ట్‌మెంట్ పచ్చిక మీంచి నాలుగేళ్ల మా పాప తెల్లటి పుట్టగొడుగొకటి పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. అడిగితే నవ్వుతుందే తప్ప, ఇంకోటి నోట్లో పెట్టుకుందో లేదో చెప్పదు. నా చేతులు పుప్పాలగూడలో నాయనమ్మ నేర్పిన పనిని వాటంతట అవే చేశాయి. దాన్ని తిరగేసి, పంటిగాటు ఉందేమోనని అంచు చుట్టూ చూశాను.

తొంభైల చివర, మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో కూడా, మా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మా ఊళ్లో బండరాళ్లూ, సీతాఫలం పొదలూ, వాటి మధ్య చెదపుట్టలూ ఉండేవి. మృగశిర వానలకు పుట్ట మీద లేచేవే కూరకు పనికొచ్చే పుట్టకొక్కులు. శ్రావణంలో పేడకుప్ప మీద లేచేవీ, చలికాలంలో ఎండుమొద్దులకు చెవుల్లా అతుక్కునేవీ చూసి దాటిపోవలసినవే. పుట్టకొక్కు కాడ కింద పుట్టలోకి దిగే పొడవాటి తోక ఉంటుంది. దాన్ని విరగకుండా తవ్వి తెచ్చి నాయనమ్మ చూసేదాకా గడప బయటే పెట్టాలి. తోక ఉన్నా, పుట్ట చూడందే నాయనమ్మ ఒప్పుకునేది కాదు.

ఒకసారి నేను ఒడినిండా తెచ్చినవాటిని ఒక్కొక్కటే తిరగేసి, "ఏందే, ఒక్కదానికి తోక లేదు. అందర్ని దవాఖానకు తోల్కపోతవా ఏంది?" అని నవ్వి, పెంటకుప్పలో పారబోసింది. నేను ఏడిస్తే, "జర ఆగు బిడ్డా, పుట్ట ఏడికి పోదు. రేపు నేనే వస్త" అంది. మర్నాడు పక్కన కూర్చుని నా చేతనే తవ్వించింది. అప్పటినుంచి, తెలియనిదాన్ని కాదనడానికి నాకెప్పుడూ సందేహం కలగలేదు.

పాప చేతిలోదానికి పంటిగాటు లేదు. తోకా లేదు, గొడుగు అడుగున మడతలు ఆకుపచ్చగా మారాయి. తినకూడనిదే. పాప నోరు తెరిపించి చూసి, చేతులు కడిగి, పచ్చికంతా వెతికితే ఒకటి ఊడిన గుంట ఒక్కటే కనిపించింది. అంటే పాప ఇంకోటి పీకలేదన్నమాట. ఇది తినేది కాదని చెబితే, "మరి తినేది ఏదమ్మా?" అంది.

ఇది రాస్తూనే రెండుసార్లు లేచి, నిద్రపోతున్న పాపను చూసి వచ్చాను. ఏది కాదో ఎవరికైనా ధైర్యంగా చెప్పగలను. ఏది అవునో చూపించాలంటే మాత్రం పుట్ట కావాలి. ఎక్కడికీ పోదని నాయనమ్మ అన్న ఆ పుట్ట చోట ఇప్పుడు కార్లు నిలిపే నేలమాళిగ ఉంది. మృగశిర వానకు అందులో నీళ్లు నిలుస్తాయి, అంతే.