మంచులో తునికి కొమ్మ

ముందే చెప్పేస్తున్నాను, దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. కారేపల్లి దగ్గర సర్కారు బళ్లో డ్రిల్లు టీచరుగా చేశాను. బడి వెనక పాడుబావి దగ్గర ఏదో తిరుగుతుందని పిల్లలు జడుసుకుంటే, ఆ బావి పక్కనే ఖోఖో కోర్టు గీయించినదాన్ని. అలాంటి నాకే ఇది జరగడం ఒళ్లుమంటగా ఉంటుంది. నమ్మేవాళ్లకు జరిగి ఉంటే ఒక దండం పెట్టుకుని హాయిగా ఊరుకునేవాళ్లు.

ఎనభైల్లో మాట. మాకు కొత్తగా పెళ్లయింది. మా ఆయనది మధిర, ఖమ్మంలో బ్యాంకు ఉద్యోగం. ఏదో పత్రికలో హిమాలయాల ఫోటోలు చూశాడు, ఇక పిచ్చి పట్టుకుంది. వీపున సంచి కట్టుకుని మంచుకొండల్లో రోజుల తరబడి నడవాలట. వేసవి సెలవులకు లోకంలో ఆడవాళ్లంతా పుట్టింటికి పోతారు, నేను మంచులోకి పోవాలట. వద్దంటే, డ్రిల్లు టీచరువు నీకేం భయమన్నాడు. ఆ మాట మీద సంచి సర్దాను.

మా ఆయనకు ఒక జబ్బుంది. ఎక్కడికి వెళ్లినా నాకంటే ముందు నడుస్తాడు, వెనక్కి తిరిగి చూడడు. ఖమ్మం బజారులో అయితే సర్దుకుపోవచ్చు. అక్కడ మంచుకొండల్లోనూ అదే నడక.

కిరాయికి తెచ్చిన సంచికి రెండోరోజే పట్టీ తెగింది. తాడుతో కట్టుకుంటే అది భుజాన్ని కోసేది. పైకి పోయేకొద్దీ పప్పు ఉడకదు, అన్నం పలుకు మీదే ఉంటుంది. ఇంటి నుంచి మోసుకెళ్లిన గోంగూర పచ్చడి సీసా పగిలి నా స్వెట్టరంతా కారం. మంచు అందంగా ఉందా అని ఇప్పటికీ అడుగుతుంటారు. పగలు ఆ తెలుపుకి కళ్లు మండేవి, సాయంత్రానికి కాళ్లు బొబ్బలెక్కేవి, ఇక అందం చూసే తీరిక నాకెక్కడిది. అయినా నడవలేక వెనకబడ్డానని మాత్రం అనుకోకండి. మా ఆయనకంటే నేనే నయం. ఆయన ఖమ్మంలో కొత్త బూట్లు కొని, అరగకుండా ఉంటాయని మడమలకు ఇనుప లాడాలు కొట్టించుకున్నాడు. మంచు మీద ఆ లాడాలతో ఎన్నిసార్లు జారాడో చెప్తే బాగుండదు.

అన్నిటికంటే ఎత్తైన కనుమ దాటాల్సిన రోజు పొద్దున్నే గొడవైంది. వంటకు తెచ్చిన కిరసనాయిలు డబ్బా ఆయన వంతు. సంచి ఎత్తుకుంటే ఎందుకింత బరువని తెరిచి చూశాను, డబ్బా నా సంచిలో ఉంది. నేను అడిగాను, ఆయన అరిచాడు, నేనూ అరిచాను. మా తగువు తెమిలేలోపు మిగతా బృందం, గైడూ ముందుకు సాగిపోయారు. మా ఆయన డబ్బా లాక్కుని తన సంచిలో కుక్కుకుని విసవిసా వెళ్లిపోయాడు. నేను ఒక్కదాన్నే వెనక మిగిలాను.

కాసేపటికి పొగమంచు కమ్మేసింది. పది గజాల అవతల ఏముందో తెలియదు. గాలికి లేచిన మంచు ముందువాళ్ల అడుగులను పూడ్చేసింది. ఒక నల్లబండ దగ్గర దారి రెండుగా చీలింది. ఎడమవైపు అంతా నున్నగా ఉంది, ఒక్క అడుగు గుర్తు లేదు. కుడివైపు బండ చాటున గాలి తక్కువేమో, అడుగులు కొత్తగా ఉన్నాయి. మడమ దగ్గర లాడం గుర్తు స్పష్టంగా కనిపించింది. మా ఆయనవే.

ఆ అడుగుల మీద అడ్డంగా ఒక పచ్చి కొమ్మ ఉంది.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. మాది భద్రాచలం అడవి అంచున ఊరు. బీడీలకు వాడే తునికాకు కోసే రోజుల్లో నాన్న కాంట్రాక్టరు కింద పనిచేసేవాడు. పొద్దున్నే ఆయన అడవిలోకి పోతే, అమ్మతో కలిసి మేము బువ్వ గంప ఎత్తుకుని వెనక వెళ్లేవాళ్లం. బాట చీలిన చోటల్లా నాన్న ఒక పచ్చి కొమ్మ విరిచి, పోకూడని బాటకు అడ్డంగా పెట్టి పోయేవాడు. అడవిలో ముందు పోయేవాళ్లు వెనక వచ్చేవాళ్ల కోసం అట్లాగే పెడతారు. కాకపోతే నాన్న కొమ్మ గాలికి కదలకుండా విరిచిన మొదలు మీద ఒక రాయి కూడా పెట్టేవాడు. కొమ్మ దాటి పోకూడదని మాకు నడక వచ్చినప్పటి నుంచీ తెలుసు.

ఈ కొమ్మ మొదలు మీద కూడా రాయి ఉంది.

వంగి చూశాను. తునికాకు. ఆ ఆకులను కట్టలు కట్టి పెరిగినదాన్ని, నన్నెవరూ మోసం చేయలేరు. తెంపిన కాసేపటికే తలవేలేసే ఆకు, అప్పుడే విరిచినట్టు నవనవలాడుతోంది. మేము చెట్టన్నది చూసి రెండురోజులైంది. చుట్టూ మా ఆయన అడుగులు తప్ప ఇంకెవరివీ లేవు. ఆయన అడుగుల మీద ఉందంటే ఆయన వెళ్లాక పెట్టిందే కావాలి.

నాకు భయం వేయలేదు, చిరాకు వేసింది. ఆ కష్టంలో ఈ పొడుపుకథ ఒకటా అనిపించింది. ఆ అడుగులు పోయిన వైపు మా ఆయన ఉన్నాడు. కొమ్మేమో అటు రావద్దంటోంది. పొమ్మని మనసు కొట్టుకుంటోంది, కాలు మాత్రం లేవడం లేదు.

మెడలో నా బడి విజిల్ ఉంది. ఎందుకు తెచ్చానంటే అలవాటు, అంతే. ఆట ఆపమని పిల్లలకు ఊదినట్టు పొడుగ్గా ఊదాను. ఊదుతూనే ఉన్నాను. ఆ పల్చటి గాలిలో ఊపిరందక కళ్లు బైర్లు కమ్మాయి, అయినా ఆపలేదు. కోపమో, దుఃఖమో, ఆయన రాకపోతే ఏం చేయాలన్న దిగులో, అంతా ఆ విజిల్లోకే పోయింది.

చాలాసేపటికి పొగమంచులోంచి మా ఆయన పైకొచ్చాడు, ముఖం ఎర్రగా చేసుకుని. నేనేమైనా స్కూలు పిల్లాడినా అని మొదలుపెట్టాడు. నేను కొమ్మ చూపించాను. ఆయన వంగి రాయి పక్కకు తీశాడు, కొమ్మ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత కోపంగా కిందికి విసిరేశాడు. అది పొగమంచులో ఎటు పడిందో కనబడలేదు.

అంతలో విజిల్ విని గైడు ఎడమదారిన వెనక్కి వచ్చాడు. కుడివైపు పోయిన లాడం గుర్తులు చూసి మా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, కొంతసేపు వదల్లేదు. పొగమంచు విచ్చాక ఒక పక్కనుంచి చూపించాడు. కుడిదారి చివర మంచు ఇంటి చూరులా ముందుకు పొడుచుకొచ్చి ఉంది. దాని కింద ఏమీ లేదు, లోయే. మా ఆయన అడుగులు ఆ చూరు దగ్గరిదాకా వెళ్లి వెనక్కి తిరిగాయి.

కొమ్మ కోసం వెతుకుదామన్నాను. గైడు ఒప్పుకోలేదు, వాతావరణం చెడుతోందని తరిమాడు. ఇంత ఎత్తున ఆకు ఎక్కడిదమ్మా అని నా ముఖం ఒక రకంగా చూశాడు. ఒక్క ఆకు తుంచి జేబులో వేసుకోవాలన్న బుద్ధి నాకు పుట్టలేదు, ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఇంటికొచ్చాక నాన్నకు చెప్పాను. మా ఆయన అప్పుడు పక్కన లేడు. నాన్న గాలిలో తేలి మంచుకొండలకు పోయాడని నా ఉద్దేశం కాదు. ఆ రోజుల్లో ఆయన ఆకు ఎండబెట్టే కల్లం దగ్గరే ఉన్నాడని అమ్మే చెప్పింది. ఆయన అంతా విని ఒకటే అడిగాడు.

"రాయి మొదలు మీద ఉన్నదా, ఆకుల మీదనా?"

మొదలు మీదే అన్నాను.

"అయితే తెలిసినోడే పెట్టిండు" అని కాళ్లు కడుక్కోను లేచిపోయాడు. అది జవాబా? నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మిగతావాళ్లు ఇంకా నయం. వనదేవత కాపాడిందని మా వంటమనిషి, గాలి చాలక అట్లా కనబడిందని మా హెడ్మాస్టరు. అందరి దగ్గరా జవాబులున్నాయి. ఉన్న ఒక్క సాక్షి మా ఆయన. ఆయన్ని అడిగితే కొమ్మా లేదు, గిమ్మా లేదు, ఏదో ఎండుపుల్ల అంటాడు. రాయి ఊసు గానీ, నాన్న కొమ్మ పెట్టే అలవాటు గానీ ఆయన దగ్గర నేను ఎప్పుడూ ఎత్తలేదు. ఆయనతో వాదించి వాదించి విసుగొచ్చి ఆ సంగతే మానేశాను.

కొన్నేళ్ల తర్వాత మా బళ్లో టీచరు పెళ్లికని అడవి లోపలి పల్లెకు వెళ్లాం. బస్సు దిగి నడవాలి. ఎప్పటిలాగే ఆయన ముందు, నేను వెనక. మలుపు తిరిగి కనబడకుండా పోయాడు. ఈ మనిషి మారడు అనుకుంటూ నడిచాను.

బాట చీలిన చోట ఆగిపోయాను. కుడి బాటకు అడ్డంగా పచ్చి తునికి కొమ్మ ఉంది. మొదలు మీద రాయి ఉంది.

టేకుకీ తునికికీ తేడా తెలియని మధిర మనిషి. ఎడమ బాటలో కాస్త ముందు, నాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. చేతికి ఆకుపసరు.

దగ్గరికి వెళ్లి, ఇదేంటండీ అని అడిగాను.

"కాళ్లకు అడ్డమొస్తే పక్కన పెట్టిన. నడువు, భోజనాలైపోతయ్."

నడిచాం. ఆ రోజు మాత్రం ఆయన నా పక్కనే నడిచాడు. ఆ మంచులో కొమ్మ పెట్టిందెవరో నాకు ఈనాటికీ తెలియదు. ఆయన కూడా చూశాడని మాత్రం తెలుసు.